దేవుని పెట్టెలో కాగితం



పిల్లలను ముందు కూర్చోబెట్టండి. వెనక ఉన్నవాళ్ళకు కూడా మాట వినపడాలి.

ఈ రోజుకు తాత చనిపోయి సంవత్సరం. ఈ ఊళ్ళో తాతలు చాలామంది ఉన్నారు. కానీ ఉత్త 'తాత' అంటే మాత్రం ఒక్కడే. పేరు చెప్పనక్కర లేదు. పొద్దున అవ్వ ఇంట్లో పెద్దలకు పెట్టినారు. మీలో చాలామంది అక్కడే అన్నం తిని వచ్చినారు. ఇప్పుడు తాత గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

తాత పుట్టింది ఈ ఊళ్ళో కాదు. కృష్ణ ఒడ్డున పాత ఊళ్ళో పుట్టినాడు. ఆ ఊరు ఇప్పుడు శ్రీశైలం డ్యాం నీళ్ళ కింద ఉంది. ముసలివాళ్ళు ఆ ఊరు చూసినారు. పడుచువాళ్ళు పేరు మాత్రమే విన్నారు.

పాత ఊరిది నల్లరేగడి నేల. జొన్న, కొర్ర, శనగ పండేవి. ఎండాకాలం ఏరు తగ్గితే ఇసుకలో దోస తీగలు, కర్బూజ తీగలు పెట్టేవాళ్ళు. తాత వేగుచుక్క పొడవగానే లేచేవాడు. ఏట్లో మునిగేవాడు. నొసట విభూతి పెట్టుకునేవాడు. అదే చేత్తో రెండు ఎద్దులకూ పెట్టేవాడు. నాగలికి మొక్కిన తరువాతే మొదటి సాలు. ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా పని మానేవాడు కాదు. "శివుడు కూర్చోమని చెప్పలేదు" అనేవాడు.

ఒక మాట. తాత కష్టం చెప్పేటప్పుడు అందరూ అవ్వ కష్టం మరిచిపోతారు. వేగుచుక్కకు తాత లేచేవాడు. సరే. అప్పటికి అవ్వ జొన్నలు విసరడం అయిపోయి ఉండేది. ఏటి నుండి రెండు కడవల నీళ్ళు వచ్చి ఉండేవి. పొయ్యి మీద రొట్టె కాలుతూ ఉండేది. తాత మడక దున్నితే వెనక విత్తనం వేసింది అవ్వే.

తాతకు సంగమేశ్వరం అంటే ప్రాణం. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ముందు కర్నూలు జిల్లా. 2022 లో జిల్లాలు మారినాయి. అక్కడ ఏడు నదులు కలుస్తాయని పెద్దలు చెప్తారు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాసి. ఆ గుళ్ళో లింగం రాతిది కాదు. వేప కొయ్యది. దానికి ఒక కథ ఉంది. పాండవులు అక్కడ శివలింగాన్ని పెట్టాలనుకున్నారంట. భీముడు లింగం తెస్తానని కాశీకి పోయినాడు. ముహూర్తం మించిపోతా ఉంది. భీముడు రాలేదు. ధర్మరాజు వేప మొద్దుతో లింగం చేసి ప్రతిష్ఠ చేసినాడు. ఈ కథ తాత చెప్తుంటే వినాలి. భీముడు ఆలస్యంగా వచ్చి కోపం చేసుకునే చోట తాతే భీముడు అయిపోయేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

తాతకు ఒక్క అక్షరం రాదు. కానీ కథలు, పాటలు, తత్వాలు అన్నీ నోటికి వచ్చు. అన్నీ విని నేర్చుకున్నవే.

1963 లో ప్రధానమంత్రి నెహ్రూ శ్రీశైలం దగ్గర డ్యాంకు పునాదిరాయి వేసినారు. కరెంటు వస్తుందని చెప్పినారు. సర్వేవాళ్ళు వచ్చి ఇక్కడి దాకా నీళ్ళు వస్తాయన్నారు. ఊరివాళ్ళు నమ్మలేదు. ఏరు ఇంత మిట్టకు ఎట్లా ఎక్కుతుందని నవ్వినారు. ఏళ్ళు గడిచినాయి. డ్యాం లేస్తానే ఉంది. ఊళ్ళో మళ్ళీ ఇండ్లు కట్టుకుంటానే ఉన్నారు.

1981 ఎండాకాలంలో ఊళ్ళు ఖాళీ చేయించినారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా ఊళ్ళు. లక్షమంది దాకా కట్టుబట్టలతో లేచినారు. ఇండ్లు పడగొట్టినారు. కొందరు తమ ఇంటిని తామే విప్పుకున్నారు. దూలాలు, తలుపులు, బండలు పీకి బండ్లకు ఎత్తినారు. తాత గడప ఊడదీసినాడు. దాని పసుపు కూడా చెరిగిపోకుండా గోనెసంచి చుట్టి తెచ్చినాడు. ఇప్పుడు అవ్వ ఇంటికి ఉన్న గడప అదే. పొద్దున మీరు దాటి లోపలికి పోయింది దాన్నే.

అవ్వ రోలు తెద్దామన్నది. అది నేలలో పాతిన రోలు. తీయడానికి టైము లేదు. వదిలేసి వచ్చినారు. ఈ రోలు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

నష్టపరిహారం ఇచ్చేటప్పుడు తాతతో వేలిముద్ర వేయించినారు. డబ్బు ఇచ్చినారు. ఒక కాగితం చేతిలో పెట్టినారు. అంతకు ముందే ఇంటికి ఇంకొక కాగితం వచ్చి ఉండింది. తాత రెండూ ఒకటే అనుకున్నాడు. రెండింటినీ మడిచి దేవుని పెట్టెలో పెట్టినాడు. విభూతి పొట్లం, రుద్రాక్ష, శ్రీశైలం పటం, వాటి కింద ఆ కాగితాలు. ప్రతి సోమవారం పెట్టె తెరిచేవాడు. సాంబ్రాణి వేసేవాడు. కాగితాలకు కూడా పొగ పట్టేవాడు. కళ్ళకు అద్దుకుని మళ్ళీ పెట్టేవాడు. పోయిన భూమికి అదొక్కటే గుర్తు కదా.

కొత్త ఊరు అంటే ఇదే. మిట్టనేల. వాన పడితేనే పంట. కనుచూపు మేర ఏరు నిండా నీళ్ళు. తాగడానికి మాత్రం బోరింగు దగ్గర బిందెల వరుస. ఆ వరుసలో కొట్టుకున్న సంగతులు మీకే బాగా తెలుసు. రైతుగా బతికిన తాత కూలికి పోయినాడు. బావులు తవ్వినాడు. బండలు కొట్టినాడు. వేరే వాళ్ళ చేనికి కావలి ఉన్నాడు. వచ్చిన డబ్బు ఇల్లు కట్టడానికి, అప్పులకు, ఒక పెండ్లికి సరిపోయింది. నేల కొనడానికి మిగల్లేదు.

అయినా నొసట విభూతి తప్పలేదు. గుడి నీళ్ళలో ఉంది. శివరాత్రి నాడు తాత ఒడ్డుకు పోయేవాడు. గుడి ఉన్న దిక్కు చూసి నీళ్ళకే సాష్టాంగం పడేవాడు. తెలియనివాళ్ళు చూస్తే ఈ ముసలాయన నీళ్ళకు ఎందుకు మొక్కుతున్నాడని అనుకునేవాళ్ళు.

1986 లో ప్రభుత్వం 98 నంబరు జీవో ఇచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నారు. కొందరికి వచ్చింది. చాలామంది ఏళ్ళ తరబడి అర్జీలు పట్టుకుని తిరిగినారు. తాత కొడుకుకు రాలేదు. పట్నం పోయి తాపీ పని నేర్చుకున్నాడు.

తాత దేవుడేమీ కాదు. అది కూడా చెప్పాలి. కూతురిని మూడో తరగతిలో బడి మాన్పించినాడు. ఊరు మారిన ఏడు ఇంట్లో పని ఉందని మాన్పించినాడు. మళ్ళీ పంపలేదు. ఆ కూతురు ఇక్కడే కూర్చుని ఉంది. తల ఊపుతా ఉంది, చూడండి.

1990 తరువాత జిల్లాలలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. ఈ ఊళ్ళో కూడా రాత్రి బడి పెట్టినారు. ఒక లాంతరు, పది పలకలు. అవ్వకు అప్పటికి నలభై దాటినాయి. పోతానన్నది. తాతకు కోపం వచ్చింది. "ముసలిదానివి, నీకు పలక ఎందుకు? నలుగురూ నవ్వుతారు" అన్నాడు. అవ్వ మాట్లాడలేదు. రొట్టెలు చేసి, కూర దించి, పలక కొంగు కింద పెట్టుకుని పోయింది. మూడు రోజులు తాత అవ్వతో మాట్లాడలేదు. నాలుగో రోజు రొట్టె మాడింది. అప్పుడు మాట్లాడినాడు. మంచి మాట కాదనుకోండి.

అవ్వకు మొదట అంకెలు వచ్చినాయి. తరువాత అక్షరాలు. గుణింతాలు చాలా ఇబ్బంది పెట్టినాయి. ఏత్వానికి ఓత్వానికి తేడా తెలియక ఏడ్చిందంట. ఆరు నెలలకు బస్సు మీద రాసిన ఊరి పేరు కూడబలుక్కుని చదివింది. గోడ మీద రాతలు, అగ్గిపెట్టె మీద రాతలు, ఎరువు సంచి మీద రాతలు, ఏది కనపడితే అది చదివేది.

ఒక సోమవారం సాయంకాలం. తాత పెట్టె తెరిచి సాంబ్రాణి వేస్తా ఉన్నాడు. అవ్వ పక్కన కూర్చుంది. "ఆ కాగితం ఇట్లా ఇయ్యి" అన్నది. తాత ఇయ్యలేదు. "చేతులు కడుక్కుని రా" అన్నాడు. అవ్వ కడుక్కుని వచ్చింది.

మొదటి కాగితం మీద తాత పేరు ఉంది. అవ్వ వేలు పెట్టి చూసింది. పెదవులు కదిలినాయి కానీ పైకి చదవలేదు. మొగుని పేరు నోటితో చెప్పరు కదా. వేలితో చూపించి ముసిముసిగా నవ్వింది. తాత కూడా నవ్వినాడు.

రెండో కాగితం విప్పింది. "ఇది నీ పేరు కాదు" అన్నది.

"అదే కాగితమే. రెండు ఇచ్చినారు" అన్నాడు తాత.

"మొదటి అక్షరమే వేరే" అన్నది అవ్వ.

లాంతరు దగ్గరికి జరిగింది. ఒక్కొక్క అక్షరం పలికింది. నాలుగు అక్షరాలు. నాలుగూ కలిపి ఒక్కసారి పలికింది. అది ఆమె అత్త పేరు. తాత వాళ్ళ అమ్మ పేరు.

తాత చేతిలో సాంబ్రాణి గిన్నె అట్లానే ఉండిపోయింది.

సంగతి ఏమంటే, తాత వాళ్ళ అమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఎకరంన్నర నేల ఇచ్చినారు. పక్క ఊళ్ళో ఉండేది. అదీ మునిగింది. ఆ నేలకు పట్టా ఆమె పేరు మీదనే ఉంది. ఆమె 1979 లో చనిపోయింది. నోటీసు ఆమె పేరు మీద వచ్చింది. చదివేవాళ్ళు లేరు. అందరి భూమీ కలిపి డబ్బు ఇచ్చినారని తాత అనుకున్నాడు. పదేళ్ళకు పైగా ఆ కాగితానికి సాంబ్రాణి పొగ పట్టినాడు. అందులో ఏముందో తెలియలేదు.

తెల్లారి ఇద్దరూ బస్సెక్కినారు. ఆఫీసులో గుమాస్తా కాగితం తిప్పి తిప్పి చూసినాడు. "ఇన్నేళ్ళు ఈ కాగితం ఏం చేసినావు పెద్దాయనా?" అని అడిగినాడు.

"పూజ చేసినాను సామీ" అన్నాడు తాత.

గుమాస్తా నవ్వబోయినాడు. తాత ముఖం చూసి నవ్వలేదు.

పరిహారం తీసుకునేవాళ్ళు రాకపోతే ఆ డబ్బు కోర్టులో కట్టే పద్ధతి ఉంది. ఈ డబ్బు కూడా కోర్టులోనే ఉంది. కానీ తీసుకోవడం ఏమంత సులువు కాదు. అమ్మ చనిపోయినట్టు కాగితం కావాలన్నారు. చనిపోయిన ఊరే లేదు. వారసుల సర్టిఫికెట్టు కావాలన్నారు. పాత ఊరి పెద్దలు ముగ్గురు వచ్చి సాక్ష్యం చెప్పినారు. రెండేళ్ళు తిరిగినారు. పోయిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోయింది. బస్సు చార్జీలు పోయినాయి. తాతకు విసుగొచ్చి మానేద్దామన్నాడు. అవ్వ మానలేదు. ఏ రోజు రమ్మన్నారో ఆ తేదీ బొగ్గుతో గోడ మీద రాసుకునేది.

ఇంకొక చిక్కు వచ్చింది. తాతకు ఒక చెల్లెలు ఉంది. నందికొట్కూరు వైపు ఒక ఊరికి ఇచ్చినారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి ఆస్తిలో కొడుకుకూ కూతురికీ సమాన భాగం. ఆమె కూడా సంతకం పెట్టాలన్నారు. ఊళ్ళో కొందరు వేరే సలహా ఇచ్చినారు. చెల్లెలితో వేలిముద్ర వేయించుకో, చీర పెట్టి పంపించు అన్నారు.

తాత ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి ఏమన్నాడో తెలుసా? "అది అమ్మ పసుపు కుంకుమ. కూతురికి పెట్టకుండా నేను తింటే శివుడు ఊరుకుంటాడా?" అన్నాడు. సగం చెల్లెలికి ఇచ్చినాడు.

అవ్వకు కష్టం అనిపించింది. అనిపించదా మరి? కాగితం చదివింది ఆమె. రెండేళ్ళు తిరిగింది ఆమె. పాడి బర్రె కొనాలని ఆశ పెట్టుకుంది. 1981 నాటి ధర కట్టిన డబ్బు. అందులో సగం పోతే బర్రె రాదు. కొన్ని రోజులు మూతి ముడుచుకుంది. చివరికి నాలుగు మేకలు కొన్నది. ఆ మేకలు పెరిగి మంద అయినాయి. అది వేరే కథ. ఆడబిడ్డ ఇప్పటికీ ఉగాదికి అవ్వకు చీర పంపుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. అప్పటి భూసేకరణ చట్టం తెల్లవాళ్ళ కాలం నాటిది. 1894 లో వచ్చింది. ధర చాలకపోతే గడువు లోపల అర్జీ పెట్టాలి. ఆ గడువు కొన్ని వారాలు. మహా అయితే ఆరు నెలలు. చదువు రానివాళ్ళకు గడువు ఉందని తెలిసేలోపల గడువు పోయేది. తాత నేలకు కూడా ధర పెంచమని అడిగే దారి అట్లానే మూసుకుపోయింది. 2013 లో కొత్త చట్టం చేసినారు. 2014 జనవరి నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం భర్త చనిపోయిన ఆడమనిషిని, విడాకులైన ఆమెను, ఇంటివాళ్ళు వదిలేసిన ఆమెను వేరే కుటుంబంగా లెక్క పెట్టాలి. ఎవరి చేతికైనా భూమి కాగితం వస్తే ముందు పేరు చూడండి. తరువాత సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు చూడండి. ఆఖరున తేదీ చూడండి. అవ్వ అడిగినవాళ్ళందరికీ ఈ వరుసే చెప్తుంది. చేతులు కడుక్కోమని మాత్రం చెప్పదు.

మళ్ళీ తాత దగ్గరికి వద్దాం.

2003 లో నీళ్ళు బాగా తగ్గినాయి. ఒక రోజు గొర్రెల కాపరి పిల్లవాడు పరుగెత్తుకుని వచ్చినాడు. సంగమేశ్వరం గుడి కనపడతా ఉందని చెప్పినాడు. ఎవరూ నమ్మలేదు. తాత ఒక్క మాట మాట్లాడలేదు. చెంబు తీసుకున్నాడు. విభూతి పొట్లం తీసుకున్నాడు. పార భుజాన వేసుకున్నాడు. దేవుని దగ్గరికి పార ఎందుకని అడిగితే "ఇరవై రెండేళ్ళ బురద ఉంటుంది కదా" అన్నాడు.

ఎండి పగిలిన ఒండ్రు మీద నడిచినారు. కొన్నిచోట్ల మోకాలి లోతు దిగబడింది. గుడి గోడలు నిలబడే ఉన్నాయి. లోపల ఒండ్రు మేట వేసి ఉంది. వేప లింగం అట్లానే ఉంది. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉండి కూడా కొయ్య చెడలేదు. చాలామంది ఏడ్చినారు. తాత ఏడవలేదు. పంచె ఎగగట్టి బురద ఎత్తడం మొదలుపెట్టినాడు. పొద్దు వాలే వరకు ఎత్తినాడు. తరువాత ఏట్లో మునిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి పోసినాడు. అప్పుడు మొక్కినాడు.

మరుసటి రోజు అవ్వ తాతను పాత ఊరి దిబ్బకు తీసుకుపోయింది. ఏ ఇల్లు ఎవరిదో గుర్తు పట్టడం కష్టం. అవ్వ కాలితో తడుముతా నడిచింది. ఒక చోట ఆగింది. వంగి చేతులతో ఒండ్రు తీసింది. రోలు బయటపడింది. నేలలో పాతింది పాతినట్టే ఉంది. తాత తవ్వి తీస్తానన్నాడు. అవ్వ వద్దన్నది. కొంగుతో తుడిచింది. ఇంటి నుండి తెచ్చిన గుప్పెడు జొన్నలు అందులో పోసి వచ్చేసింది. పక్షులు తింటాయని.

ఆ తరువాత ఎండాకాలంలో గుడి బయటపడిన ప్రతి ఏడూ తాత పార తీసుకుని పోయినాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ డబ్బులు ఇవ్వలేదు. చివరి రెండేళ్ళు మోకాళ్ళు పని చేయలేదు. అప్పుడు కూడా ఒడ్డు దాకా బండి మీద పోయి, అక్కడ కూర్చుని, బురద ఎత్తేవాళ్ళను కేకలు వేసేవాడు. పార పట్టే పద్ధతి కూడా రాదని తిట్టేవాడు.

పోయిన ఏడు శివరాత్రి అయిన వారానికి తాత చనిపోయినాడు. పన్నెండు రోజులు అయినాక అవ్వ దేవుని పెట్టె తెరిచింది. విభూతి, రుద్రాక్ష, పటం, రెండు పాత కాగితాలు ఉన్నాయి. ఇంకొక చిన్న కాగితం ఉంది. మందుల చీటీ వెనక పెన్సిలుతో రాసింది. వంకర టింకరగా నాలుగు అక్షరాలు. తాత వాళ్ళ అమ్మ పేరు. మూడో అక్షరానికి గుణింతం తప్పు పడింది.

తాత రాత్రి బడికి ఒక్క రోజు కూడా రాలేదు. పింఛన్ దగ్గర చివరి దాకా వేలిముద్రే వేసినాడు. ఇప్పుడు మిషన్ వచ్చినాక చదువుకున్నవాళ్ళు కూడా వేలే పెట్టాలి, అది వేరే సంగతి. ఆ నాలుగు అక్షరాలు ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. నువ్వు నేర్పించినావా అని అడిగితే అవ్వ చెప్పదు. గుణింతం ఎందుకు దిద్దలేదని అడిగితే మాత్రం "ఆయన రాసింది, అట్లానే ఉండనీ" అంటుంది.

ఇప్పుడు పని మాట. నీళ్ళు దిగుతా ఉన్నాయి. గుడి శిఖరం అప్పుడే కనపడిందని చేపలు పట్టేవాళ్ళు చెప్పినారు. ఆవరణ బయటపడగానే బురద ఎత్తడానికి పోవాలి. ఈసారి ముందు నడిచేది అవ్వ. ట్రాక్టరు మాట్లాడినారు. పారలు, గంపలు, చీపుర్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. పిల్లలున్నవాళ్ళు రొట్టెలు మూట కట్టుకోండి. వచ్చేవాళ్ళు పేరు రాసి పోవాలి. పుస్తకం అవ్వ దగ్గర ఉంది. వేలిముద్రలు తీసుకోదంట.